ఇచ్చట పరువుకు కళాయి పూయబడును

‘‘మా సంస్థకు నలభై ఏళ్ల ఘన చరిత్ర ఉంది.’’

పత్రికా ప్రకటన ఈ వాక్యంతో మొదలైందంటే ఎక్కడో ఏదో పేలిందనో, కూలిందనో, తిన్నవాళ్లు ఆస్పత్రిలో చేరారనో అర్థం. ఏమీ జరగని రోజున ఏ కంపెనీకీ తన చరిత్ర గుర్తుకు రాదు. రెండో వాక్యం ‘‘భద్రతకే మా తొలి ప్రాధాన్యం.’’ ఆ తొలి ప్రాధాన్యం ఇన్నాళ్లూ ఏ గోడౌన్లో మూలుగుతోందో చెప్పరు. మూడోది ‘‘విచారణకు పూర్తిగా సహకరిస్తాం.’’ వారెంటు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పోలీసుకు సహకరించడం కూడా ఈ రోజుల్లో దానధర్మాల పద్దులోకే వస్తుంది. నాలుగోది ‘‘మా ఎదుగుదలను ఓర్వలేని కొన్ని శక్తులు...’’ ఈ శక్తులు ఎవరో, ఎక్కడుంటాయో, ఎదుగుదల బాగున్నంతకాలం ఏం చేస్తుంటాయో అడిగినవాడు లేడు.

ఈ నాలుగు వాక్యాలూ రాసిపెట్టడానికి ఇప్పుడు ప్రత్యేకంగా మనుషులున్నారు. నెలకింత అని పుచ్చుకుంటారు. విజిటింగ్ కార్డు మీద ‘రెప్యుటేషన్ మేనేజ్‌మెంట్’ అని ఉంటుంది. గిన్నెకు చిల్లు పడిందని తీసుకెళితే మాటు వెయ్యకుండా కళాయి పూసి ఇచ్చే వృత్తి ఇది. గిన్నె తళతళలాడుతుంది. పులుసు పొయ్యిలోకి కారుతుంది.

రాజకీయ నాయకులకు ఈ సేవ తరతరాలుగా ఇంట్లోనే దొరుకుతోంది. నోరు జారిన సాయంత్రం ‘‘నా వ్యాఖ్యలను వక్రీకరించారు.’’ వీడియో బయటికొస్తే ‘‘ముందూ వెనకా కత్తిరించారు.’’ ముందూ వెనకా కూడా బయటికొస్తే ‘‘ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే విచారిస్తున్నా.’’ తిట్టింది తానే అయినా, దెబ్బ తగిలిందో లేదో తేల్చుకునే బాధ్యత మాత్రం తిట్లు తిన్నవాళ్లది. కేసు పడితే ‘‘చట్టం తన పని తాను చేసుకుపోతుంది’’ అంటాడు. అది నిజంగానే పని చేసుకుంటూ ఇంటి గేటు దాకా వచ్చేసరికి ఛాతీ పట్టుకుంటాడు. అరెస్టు వారెంటుకీ గుండె కవాటాలకీ ఉన్న ఈ సంబంధం మీద మన వైద్య కళాశాలలు ఇంకా పరిశోధన మొదలుపెట్టినట్టు లేవు. బెయిలు కాగితం చూడగానే గుండె కుదుటపడుతుంది. జైలు గేటు దగ్గర గజమాల, వంద కార్ల ఊరేగింపు, ఊరు చేరాక ఫ్లెక్సీకి పాలాభిషేకం. ఫ్లెక్సీని ఎంచుకోవడంలో తెలివి ఉంది. దాని మీద ఏ మరకా నిలవదు.

ఈ వృత్తికి మూలపురుషుడు ఐవీ లీ అనే అమెరికన్. 1906 అక్టోబరులో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీంచి నీళ్లలో పడి 50 మందికి పైగా చనిపోతే, పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ తరఫున ఆయన విలేకరులకు ఒక ప్రకటన రాసిచ్చాడు. ప్రపంచంలో మొదటి పత్రికా ప్రకటన అదేనని ప్రజాసంబంధాల పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అప్పటిదాకా రైలు కంపెనీలు ప్రమాదస్థలానికి విలేకరుల్ని రానిచ్చేవి కావు. ఈయన తనే పిలిచి చూపించాడు. తాము చేసేదంతా బహిరంగమేననీ, ఇచ్చే సమాచారమంతా నికరమైనదేననీ అదే ఏడాది సూత్రాలు కూడా ప్రకటించాడు. అంతవరకూ దణ్ణం పెట్టాల్సిందే.

ఎనిమిదేళ్లు తిరిగేసరికి ఆ సూత్రాలకు పరీక్ష వచ్చింది. 1914 ఏప్రిల్ 20న కొలరాడోలోని లడ్లోలో, రాక్‌ఫెల్లర్ల ఏలుబడిలోని బొగ్గు కంపెనీ మీద సమ్మె చేస్తున్న కార్మికుల గుడారాలపై నేషనల్ గార్డ్ సైనికులు తుపాకులు పేల్చారు. గుడారాలు తగలబడ్డాయి. నేల కింద తవ్వుకున్న గోతిలో తలదాచుకున్న ఇద్దరు స్త్రీలు, పదకొండుమంది పిల్లలు ఊపిరాడక చనిపోయారు. రాక్‌ఫెల్లర్లు ఐవీ లీకి కబురుపెట్టారు. ఇక కరపత్రాలే కరపత్రాలు. కార్మిక నాయకులు లక్షణంగా జీతాలు దండుకుంటున్నారంటూ అంకెలు వేశారు. ఆ అంకెలు తప్పని తర్వాత తేలింది. రచయిత అప్టన్ సింక్లెయిర్ ఆయన పేరుకు ముందు ‘పాయిజన్’ అని చేర్చి పిలిచాడు. ఆ పేరే నిలిచిపోయింది. జర్మనీలో నాజీలు గద్దెనెక్కాక అక్కడి రసాయన కంపెనీ ఐ.జి. ఫార్బెన్ దగ్గర లీ ఏడాదికి 25 వేల డాలర్లు తీసుకుంటున్న సంగతి 1934లో అమెరికా చట్టసభ కమిటీ ముందు బయటపడింది. ఆ నవంబరులోనే ఆయన పోయాడు. ఇరవై ఎనిమిదేళ్ల పాటు ఊరందరి పరువునూ తళతళలాడించినవాడి పరువును తోమిపెట్టే శిష్యుడు ఒక్కడూ లేకపోయాడు.

మన దగ్గర గిరాకీ ఎక్కువగా ఉన్న సరుకు అవార్డు. శాలువా, జ్ఞాపిక, స్టేజీ మీద ఓ మాజీ ఎవరో. పోయిన పరువు తేవడానికే కాదు, పోబోయే పరువుకు ముందస్తు బీమాగా కూడా పనికొస్తుంది.

2008 సెప్టెంబరులో హైదరాబాద్ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌కు గోల్డెన్ పీకాక్ అంతర్జాతీయ పురస్కారం వచ్చింది. దేనికి? కార్పొరేట్ పాలనలో శ్రేష్ఠతకు. ఆ డిసెంబరు 16న, వాటాదారుల డబ్బు దాదాపు 160 కోట్ల డాలర్లు పెట్టి ఛైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను కొనాలని సత్యం బోర్డు తీర్మానించింది. మదుపరులు భగ్గుమంటే గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా లేఖ రాశారు. పుస్తకాల్లో చూపించిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవు. మొత్తం బొక్క 7,136 కోట్లు. పురస్కారం ఇచ్చినవాళ్లు తమ నెమలిని వెనక్కి పట్టుకెళ్లారు.

ఆ బోర్డులో కూర్చున్నవారిని చూడండి. హార్వర్డ్ ప్రొఫెసర్, ఐఎస్‌బీ డీన్, కేంద్ర ప్రభుత్వ మాజీ కేబినెట్ కార్యదర్శి. లెక్కలు చూసింది ప్రపంచంలోని నాలుగు పెద్ద ఆడిట్ పేర్లలో ఒకటి. ఇంత పరువు ఒకే బల్ల చుట్టూ చేరినా, ‘మన డబ్బు నిజంగా ఉందా’ అని బ్యాంకును గట్టిగా అడిగినవాళ్లు లేకపోయారు. ఆడిటర్‌ను చూసి డైరెక్టర్లు, డైరెక్టర్లను చూసి అవార్డు కమిటీ, అవార్డును చూసి మదుపరులు. ఒకరి పరువును చూసి ఇంకొకరు కళ్లు మూసుకున్నారు. పప్పుల డబ్బాలో నెలకోసారి చెయ్యిపెట్టి చూసుకునే ఇల్లాలు ఆ బోర్డులో ఒకరున్నా సరిపోయేది. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు రాజుతో సహా పదిమందికి ఏడేళ్ల జైలుశిక్ష వేసింది. మరుసటి నెలలో అప్పీలు కోర్టు శిక్ష అమలు నిలిపి బెయిలిచ్చింది.

మేటాస్ కథ ఇంకా రుచిగా ఉంటుంది. పరువు పోయాక మేటాస్ ఇన్‌ఫ్రా ఫైనాన్స్ సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ చేతికి వెళ్లి ఆ పేరే పెట్టుకుంది. అప్పట్లో ఆ పేరు బంగారం, ‘ట్రిపుల్ ఏ’ రేటింగు. 2018లో ఆ బంగారమే సుమారు 91 వేల కోట్ల అప్పుతో కూలబడింది. కూలడానికి కొద్ది వారాల ముందు దాకా రేటింగు సంస్థల కళ్లకు అన్నీ ‘ఏ’లే కనిపించాయి. పేరు మార్చుకోవడం మనం కనిపెట్టిన విద్య అనుకునేరు. 1996లో ఫ్లోరిడా చిత్తడినేలల్లో విమానం కూలి 110 మందిని పోగొట్టుకున్న వాల్యూజెట్, మరుసటి ఏడాదే ఇంకో చిన్న కంపెనీని కొని దాని పేరు తొడుక్కుంది. సిగరెట్ల ఫిలిప్ మోరిస్ 2003లో ఆల్ట్రియా అయింది. పొగ పాతదే.

ఇంత రాసి పత్రికల్ని వదిలేస్తే ఈ వ్యాసానికే కళాయి పూసినట్టవుతుంది.

ర్యాంకుల రోజున పేపరు తెరవండి. మొదటి పేజీ నిండా ఒక కార్పొరేట్ కాలేజీ. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, మూడు. పిల్లల మొహాలు, హాల్‌టికెట్ నంబర్లు, పేజీ దాటిపోయేంత అక్షరాలతో కాలేజీ పేరు. అలాంటి కాలేజీ హాస్టల్లోనే ఓ పిల్లవాడు ఒత్తిడికి తాళలేక ప్రాణం తీసుకుంటే లోపలి పేజీలో వార్త వస్తుంది. ‘నగరంలోని ఓ ప్రైవేటు కళాశాలలో ఇంటర్ చదువుతున్న...’ పిల్లవాడి పేరుంటుంది. ఊరుంటుంది. తండ్రి చేసే కూలిపని ఉంటుంది. తల్లి నేలమీద పడి ఏడుస్తున్న ఫొటో ఉంటుంది. కాలేజీ పేరొక్కటే ఉండదు. ర్యాంకు వస్తే కాలేజీది, ప్రాణం పోతే ‘వ్యక్తిగత కారణాల’ది. ఇక్కడ ఏ రెప్యుటేషన్ నిపుణుడూ పనిచెయ్యనక్కర్లేదు. మరమ్మతు ఖర్చు ప్రకటనల బిల్లులో ముందే కలిసిపోయింది.

ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తలు వేసిన వ్యవహారం మీద ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘాన్ని వేసింది. సభ్యులు ఇద్దరు, మన తెలుగు సంపాదకుడు కె. శ్రీనివాసరెడ్డి, పరంజయ్ గుహా ఠాకుర్తా. పత్రికల పేర్లతో సహా 71 పేజీల నివేదిక ఇచ్చారు. 2010లో కౌన్సిల్ దాన్ని పక్కన పెట్టి, పేర్లు తీసేసిన చిన్న నివేదికతో సరిపెట్టింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశిస్తే గానీ 2011లో అసలు నివేదిక వెలుగు చూడలేదు. ఊరందరి గుట్టూ అచ్చువేసే పరిశ్రమ తన గుట్టు దగ్గరికొచ్చేసరికి ఇంత మర్యాదస్తురాలైపోయింది.

ప్రకటన, అవార్డు, కొత్త పేరు, ఏదీ పారకపోతే చివరి మందు లాయరు నోటీసు. అందులో అడిగే పరిహారం తక్కువలో తక్కువ 100 కోట్లు. అంత విలువైన ఆస్తి అదే పెద్దమనిషి ఎన్నికల అఫిడవిట్లో గానీ ఆదాయపు పన్ను రిటర్నులో గానీ ఎక్కడా కనిపించదు. మన దేశంలో పరువు తీయడం సివిల్ తగాదాతో ఆగదు, క్రిమినల్ నేరం కూడా. తెల్లదొర 1860లో రాసిపెట్టిన ఆ సెక్షన్లను 2016లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్‌గా కొత్త బట్టలు కట్టుకుని వచ్చాయి. రెండేళ్ల దాకా జైలు. దావా వేసినవాడు గెలవాలని వేస్తాడనుకోవడం అమాయకత్వం. చిన్న పత్రిక విలేకరి వాయిదా వాయిదాకూ బస్సెక్కి కోర్టుకు తిరగాలి, లాయరుకు ఫీజు కట్టుకోవాలి. తీర్పు ఎప్పుడొస్తుందో గానీ శిక్ష మాత్రం మొదటి వాయిదా నుంచే అమలవుతుంది.

అయితే ఈ మందు వికటించిన చరిత్ర కూడా ఉంది. కాలిఫోర్నియా సముద్రతీరం ఎలా కోసుకుపోతోందో చూపడానికి ఒకాయన తీసిన వేల ఫొటోల్లో తన భవంతి కూడా పడిందని 2003లో గాయని బార్బ్రా స్ట్రైసాండ్ 5 కోట్ల డాలర్లకు దావా వేసింది. దావాకు ముందు ఆ ఫొటోను దించుకున్నది ఆరుసార్లు. అందులో రెండుసార్లు ఆమె లాయర్లే. దావా సంగతి తెలిశాక ఒక్క నెలలో నాలుగు లక్షల మందికి పైగా వచ్చి చూశారు. కేసు పోయింది, అవతలి వాళ్ల లాయర్ల ఫీజు కూడా మీద పడింది. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే భుజాలు తడుముకోవడం ఇదే.

అదే రాష్ట్రంలో డేవిస్ విశ్వవిద్యాలయం ఇంకో మెట్టు ఎక్కింది. 2011 నవంబరులో నేలమీద కూర్చుని నిరసన చేస్తున్న విద్యార్థుల మొహాల మీద క్యాంపస్ పోలీసు మిరప ఘాటు చిమ్మాడు. ఆ దృశ్యం లోకమంతా చూసింది. దాన్ని ఇంటర్నెట్ వెతుకులాటలో అడుగుకు తొక్కేయడానికి విశ్వవిద్యాలయం కన్సల్టెంట్లకు లక్షా 75 వేల డాలర్లు పోసింది. 2016లో ఆ ఖర్చు సంగతి ఒక పత్రిక బయటపెట్టింది. మరిచిపోయినవాళ్లు కూడా మళ్లీ వెతికి చూశారు. ఆ ఏడాదే ఛాన్సలర్ రాజీనామా చేసింది. అన్నీ నేర్పే చోట ఒక్క ముక్క ఎవరూ నేర్పలేదు. తొక్కేకొద్దీ పైకి తేలుతుందని.

నవ్వు ఇక్కడితో ఆపాలి. 2020 మే 7 తెల్లవారుజాము, విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురం. ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి నిద్రపోతున్న ఇళ్లలోకి వచ్చింది. 12 మంది చనిపోయారు. పరిగెత్తినవాళ్లు పరిగెత్తినచోటే పడిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చినవాటిలో ఒకటి, ప్రమాద సైరన్ మోగలేదని. సంతాప ప్రకటన మాత్రం వేళకే మోగింది. తమ ఉత్పత్తికి తగిన పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని ఆ కంపెనీయే ప్రమాదానికి ఏడాది ముందు, 2019లో, అఫిడవిట్లో రాసిచ్చింది. ఆ కాగితం చదవవలసినవాళ్లు చదవలేదు. ఫ్యాక్టరీ ఆగలేదు. ‘బాధిత కుటుంబాలకు అండగా ఉంటాం’ అన్న వాక్యానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. సైరన్ మోగించడానికి కూడా పెద్దగా ఖర్చు లేదు. ఏది ముందు సిద్ధంగా పెట్టుకున్నారన్నదే తేడా.

కంపెనీ పరువు నిజంగా నిలబడిన ఉదాహరణ లేదా అంటే ఉంది. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో టైలనాల్ అనే నొప్పి మందు గొట్టాల్లో సయనైడ్ కలిపితే ఏడుగురు చనిపోయారు. తప్పు తమది కాకపోయినా జాన్సన్ అండ్ జాన్సన్ దేశమంతటి దుకాణాల నుంచి 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి తీసుకుంది. 10 కోట్ల డాలర్లు నష్టపోయింది. ఎవరైనా తెరిస్తే తెలిసిపోయే మూతలతో మళ్లీ మార్కెట్లోకి వచ్చింది. ప్రజాసంబంధాల తరగతుల్లో దీన్ని ప్రజాసంబంధాల విజయంగా చెబుతారు. అందులో ప్రజాసంబంధాలు ఎంత? సీసాలు వెనక్కి తీసుకోవడం, మూత మార్చడం, డబ్బు పోగొట్టుకోవడం. మిగిలింది ఆ సంగతి జనానికి చెప్పడం. ఇదే కంపెనీ 2021లో, బేబీ పౌడర్‌తో క్యాన్సర్ వచ్చిందంటూ వేలమంది వేసిన కేసులన్నిటినీ కొత్తగా పుట్టించిన ఒక పిల్ల కంపెనీ నెత్తిన పెట్టి, దాన్ని దివాలా కోర్టుకు పంపింది. 2023లో అప్పీలు కోర్టు ఆ ఎత్తు చెల్లదంది. ఆ తరగతుల్లో ఈ పాఠం అంత మురిపెంగా చెప్పరు.

సత్యం ఉద్యోగుల బతుకులు నిలబడింది కూడా టైలనాల్ దారిలోనే. ప్రభుత్వం పాత బోర్డును రద్దుచేసి కొత్తవాళ్లను కూర్చోబెట్టింది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కొనుక్కుంది. లెక్కలు మళ్లీ మొదటి నుంచి రాయడానికి 2010 సెప్టెంబరు దాకా పట్టింది. అమెరికా మదుపరులకు 12.5 కోట్ల డాలర్లు కట్టడానికి 2011లో ఒప్పుకున్నారు. ఏ అవార్డూ ఈ పని చెయ్యలేదు. తప్పుడు అంకె కొట్టేసి నిజం అంకె వేశారు, కట్టాల్సింది కట్టారు.

మరి అందరూ ఇలాగే ఎందుకు చెయ్యరు? లెక్క చూసుకుంటారు కాబట్టి. తప్పు సరిదిద్దడానికి కోట్లవుతుంది. ప్రకటన రాయించడానికి లక్షలు చాలు. మనం మరిచిపోవడానికి ఒక క్రికెట్ సిరీస్ చాలు. పైసా పైసా చూసే ఏ వ్యాపారస్తుడైనా చవకైనదే కొంటాడు. కళాయి దుకాణాలు నడుస్తున్నది నిపుణుల ప్రతిభ వల్ల అనుకోవద్దు. మన మతిమరుపే వాళ్ల పెట్టుబడి.

కనుక రేపు ఎవరైనా టీవీలో రెండు చేతులూ జోడిస్తే మూడు ప్రశ్నలు అడగండి. జరిగిందేమిటో, చేసిందెవరో పేర్లతో చెప్పారా? నష్టపోయినవాళ్లకు ఎంత, ఏ తేదీన చేరింది? మళ్లీ జరక్కుండా ఏం మార్చారు, మార్చినట్టు బయటివాళ్లెవరైనా చూశారా? మూడింటికీ జవాబు ఉంటే పెద్దమనసుతో క్షమించండి, ఆ సరుకు మళ్లీ కొనండి, ఆ మనిషికి మళ్లీ ఓటెయ్యండి. లేకపోతే ఆ ప్రకటన వచ్చిన తేదీ రాసిపెట్టుకుని ఏడాది తర్వాత మళ్లీ అడగండి. పరువన్నది వాళ్ల లాకర్లో ఉండేది కాదు, నలుగురి నోట్లో ఉంటుంది. ఆ నలుగురిలో మీరొకరు. ఊరికే తిరిగి ఇచ్చెయ్యకండి.